రెబ్కా గొంతు

సోమవారం పొద్దున జయకుమారి పప్పు గిన్నె తోముతుంటే గేటు దగ్గర ఎవరో దగ్గారు. మిరపకాయల రోజులు. ఆ రెండు మూడు నెలలూ గుంటూరులో దగ్గనివాళ్లు ఉండరు. లారీ వీధి మలుపు తిరిగితే చాలు, ఇంట్లో కూచున్నవాడికి కూడా కళ్లు చెమరుస్తాయి. అయితే ఈ దగ్గు ఘాటుకి వచ్చింది కాదు. పేరు పెట్టి పిలవడానికి మొహమాటపడి దగ్గినట్టుంది.

చేతులు కడుక్కుని వెళ్లి చూస్తే రెబ్కా. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి, తియ్యకుండా నిలబడి ఉంది.

"అదేమిటే, గొళ్లెం తీసుకుని రావచ్చుగా. రా లోపలికి. పనికి పోలేదా? సీజను గదా!"

"మానేశా పిన్నీ."

రెబ్కాది ప్రత్తిపాడు పక్కన పల్లె. సీజనులో మిరపకాయల తొడిమలు తీసే కొట్టంలో కూలికి పోతుంది. ఆ ఊరి చర్చి స్త్రీల సమాజం వాళ్లు పాడిన క్రిస్మస్ పాటల్ని మొన్న డిసెంబరులో కాసెట్టుగా తెచ్చారు. అందులో ముందు గొంతు రెబ్కాది. ఆ పాటల్ని రికార్డు చేసి, గొంతుల్నీ వాయిద్యాల్నీ కలిపి కాసెట్టుగా దించింది జయకుమారి భర్త జక్రయ్య. అరండల్‌పేటలో అంకమ్మరావుగారి కాసెట్ల కొట్టుమీద గదిలో ఆయన పని.

"మానేశావా? ఈ నాలుగు రోజులేగా నీకు పని దొరికేది?"

రెబ్కా వంటింటి గుమ్మానికి ఆనుకుని కూచుంది. బుగ్గన ఏదో పెట్టుకుని ఉంది. దాన్ని చేతిలోకి తీసి చూపించింది. కరక్కాయ ముక్క.

"గొంతు కోసం పిన్నీ. ఏటేటా ఆ కొట్టంలో కూసుంటే ఘాటంతా గొంతులోకే దిగుద్ది. కాసెట్టు విన్నారుగా? మా పాస్టరుగారింట్లో పెడితే పిల్లలు చెవులు మూసుకున్నారు. రేకు మీద మేకు పెట్టి గీసినట్టుంది. అది నేనేనా అనుకున్నా." నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "కొట్టోళ్లు కాసెట్లు తిప్పి పంపిస్తన్నారంట. అంకమ్మరావుగారు పిలిచి చెప్పారు. పోయిన వారం ఈస్టరు ముందొచ్చే శ్రమల దినాల పాటలు పాడాం గదా, వాటిల్లో నా గొంతు తీసేస్తారంట. గురువారం టౌనమ్మాయి వచ్చి ఆ జాగాలో పాడుద్దంట. సంగీతం నేర్చిన పిల్ల. నేను వెనక గుంపులో ఉండాలంట."

"తీసేయడమంటే?"

"నా గొంతు మీదే ఆమె గొంతు ఎక్కిస్తారంట. నాది చెరిగిపోద్దంట."

జయకుమారి స్టవ్ మీద టీ పెట్టింది.

"బాబాయితో ఒక మాట చెప్పండి పిన్నీ. ఆ అమ్మాయి వచ్చేలోగా ఒక్కసారి నన్ను మైకు ముందు నిలబెట్టి చూడమనండి. మిరియాల కషాయం తాగుతున్నా. వారమయింది కొట్టం మొహం చూసి. గొంతు తేటపడిందో లేదో ఆయన చెబితే చాలు. లేదంటే నా రాత."

"ఏదీ, ఇప్పుడు పాడు. నేను వింటా."

"ఇక్కడా?"

"ఇక్కడే. అన్నం ఉడికేదాకా నాకూ పనేం లేదు."

రెబ్కా కొంగు సర్దుకుని, గుమ్మానికి తల ఆనించి, నేలవైపు చూస్తూ ఎత్తుకుంది.

*ఎండలోన నడిచినావు, నీడనెవరి నడగలేదు…*

జయకుమారి టీ వడకట్టడం మరిచిపోయింది. ఆ గొంతులో మేకూ లేదు, రేకూ లేదు. కాస్త బరువు, కాస్త గరుకు. గంజి పోని చీరాల నేతచీర ఒంటిమీద పడినప్పుడు ఉంటుందే, అలాంటి గరుకు. రెండోసారికల్లా ఒంటికి హత్తుకుపోతుంది.

"ఎట్టా ఉంది పిన్నీ? తగ్గిందా?"

"తగ్గడానికి నీకేమీ లేదే," అంది జయకుమారి.

రెబ్కా నమ్మలేదు. ఓదార్పు మాట అనుకుంది. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, బస్సుకి వేళవుతోందని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక జయకుమారి ముందు గదిలోకి వచ్చి అలమరలోంచి ఆ క్రిస్మస్ కాసెట్టు తీసింది. కొత్తలో రెండుసార్లు విని పక్కన పెట్టేసిన కాసెట్టు అది. చెవుల్లో గుచ్చుకుంటోందని అప్పుడే అనుకుంది. భర్త చేసిన పని కదా అని పైకి అనలేదు. పాపం, పల్లెటూరి గొంతు, అలవాటు లేక బిగబట్టి పాడింది కాబోలు అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇప్పుడు టేప్‌రికార్డరులో పెట్టి వింది. 'సాక్షి' అన్నచోట 'స' ఈల వేస్తోంది. తాళాలు పళ్లెం కిందపడ్డట్టు మోగుతున్నాయి. అదే మనిషి, అదే గొంతు. ఇందాక గుమ్మంలో విన్నదానికీ, ఈ పెట్టెలోంచి వస్తున్నదానికీ మధ్య ఎవరున్నారు?

ఒకే ఒక మనిషి ఉన్నాడు.

టేప్‌రికార్డరు మీద సన్నటి చప్పుళ్లు పెంచే ట్రెబుల్ గుండీ చివరిదాకా తిప్పి ఉంది. రోజూ దుమ్ము తుడిచేటప్పుడు ఆమె దాన్ని వెనక్కి తిప్పుతూ ఉంటుంది. మర్నాటికి అది మళ్లీ చివరికి పోయి ఉంటుంది. ఇద్దరే ఉన్న ఇంట్లో తిప్పేదెవరో తెలియక కాదు. ఎందుకు తిప్పుతున్నాడని అడగాలని మాత్రం ఇన్నాళ్లూ తోచలేదు.

ఈ మధ్య ఆయన ఒకటే మాట: టేపులు మందంగా వస్తున్నాయి, దుప్పటి కప్పినట్టున్నాయి, మిరపకాయల దుమ్ము మిషన్లోకి దూరుతోంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో రోజూ మిషనులో టేపు ఆనే హెడ్లు తుడుస్తున్నాడు. చొక్కా జేబులో దూదిపుల్లలు, ఉతికేటప్పుడు ఆమె తీసి పక్కన పెడుతోంది. అక్కడ ఆ పిల్ల ఘాటు గొంతులో పడిందని కరక్కాయ నములుతోంది. ఇక్కడ ఈయన ఘాటు మిషన్లో పడిందని దూది అరగదీస్తున్నాడు.

*

జక్రయ్య ఆ సాయంత్రం దీపాలవేళకి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని మడతకుర్చీలో కూలబడ్డాడు. జయకుమారి బెండకాయలు ముందేసుకుని కూచుంది. టేప్‌రికార్డరులో క్రిస్మస్ కాసెట్టు తిరుగుతోంది.

"ఎన్నాళ్లకు పెట్టావు దాన్ని!" అని సంతోషపడ్డాడు. "బాగా వచ్చింది కదూ? మందం లేకుండా. ఎంత కష్టపడ్డాననుకున్నావు దానికి!"

ఆమె తల ఊపింది. ఆఖరి పాట అయిపోయింది. పాట అయిపోయాక ఖాళీ టేపు తిరిగేటప్పుడు సన్నగా ఒక చప్పుడు వస్తుంది, దూరాన ఎక్కడో వాన పడుతున్నట్టు. పెళ్లయిన కొత్తలో ఆయన ఆ చప్పుడు విని ఇది ఫలానా కంపెనీ టేపు అని చెప్పేవాడు. ఆమె లేచి వెళ్లి ధ్వని పెంచింది. వాన దగ్గరికొచ్చింది. ట్రెబుల్ గుండీ చివరిదాకా తిప్పింది. ఇల్లంతా బాణలిలో నూనె కాగుతున్నట్టు సుయ్‌మంటోంది.

జక్రయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఏమండీ, టేపు ఆగిందా?"

"ఆ, అయిపోయిందిగా. రెండోవైపు వెయ్యి."

ఆమె కదల్లేదు. కత్తిపీట ముందు కూచోనూ లేదు. టేప్‌రికార్డరు పక్కనే నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆ చూపు చూసి ఆయన తల తిప్పి టేప్‌రికార్డరు వంక చూశాడు. అద్దపు మూత వెనక చక్రాలు రెండూ నింపాదిగా తిరుగుతున్నాయి.

ఆయన లేచి దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. స్పీకరు జాలీ మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత చెవి ఆనించాడు, కుడిది, ఆపైన ఎడమది. చెవి ఆనించి ఉండగానే కళ్లు పైకెత్తి, "వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోందండీ."

"ఎంత?"

"బాగా."

ఆయన మీట నొక్కి ఆపేశాడు. ఆ టక్‌మన్న చప్పుడు మాత్రం ఇద్దరికీ వినపడింది. వెళ్లి కుర్చీలో కూచున్నాడు. తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"నువ్వు నా మీద కోపంగా ఉన్నావనుకున్నాను," అన్నాడు. "ఈ మధ్య మాటలు మింగేస్తున్నావు. ఏదో మనసులో పెట్టుకుని గొణుగుతోంది, అదే చెబుతుందిలే అనుకున్నా."

జయకుమారి వచ్చి ఆయన మోకాలి దగ్గర కింద కూచుంది. మొహం ఎత్తి, మామూలుకన్నా నిదానంగా, రెబ్కా వచ్చిన సంగతి చెప్పింది. కరక్కాయ సంగతి, కొట్టం మానేసిన సంగతి, గుమ్మంలో పాడిన పాట సంగతి ఏదీ దాచలేదు. ఆయన ఆమె పెదాలనే చూస్తూ విన్నాడు. అలా చూడటం కూడా ఈమధ్య అలవాటేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

"అయితే ఆ గొంతులో ఈల లేదా?"

"లేదండీ."

"నేను పెట్టానా?"

ఆమె టేప్‌రికార్డరు మీది ట్రెబుల్ గుండీ వంక చూసింది.

"నాకు మందంగా వినపడేకొద్దీ గుండీ తిప్పుకుంటూ పోయాను," అన్నాడు. "వినేవాడి చెవులు కొయ్యడానికి."

ఆ రాత్రి బెండకాయ కూర జిగురుగా అయింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

*

మంగళవారం మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. క్యారేజీ విప్పలేదు.

"చెప్పారా?" అంది జయకుమారి.

"చెప్పాను. టేపు మంచిది కాదని చెప్పాను." చెప్పులు విడవకుండానే అరుగుమీద కూచున్నాడు. "తప్పు ఆ పిల్ల గొంతులో లేదు, టేపులో ఉందన్నా. అంకమ్మరావు నవ్వి కొత్త టేపుల పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. 'జనవరిలోనే మార్పించానుగా జక్రయ్యగారూ, టేపు మారినా గొంతు అదేగా' అన్నాడు. ఇంకేం చెప్పను?"

"అదొక్కటే ఉందిగా చెప్పడానికి."

"నీకు తెలీదు కుమారీ. చెవి పోయిందంటే ఆ కుర్చీలో ఎవడు కూచోనిస్తాడు? విజయవాడ నుంచి ఇంకొకణ్ణి తెస్తాడు. నాకు వచ్చింది ఆ పనొక్కటే. ఈ వయసులో మళ్లీ మైకుసెట్టు భుజాన వేసుకుని పెళ్లిళ్ల వెంట తిరగనా?"

ఆ మాట నిజమే. ఆమె మంచినీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగకుండా చేత్తో పట్టుకుని కూచున్నాడు.

"కొట్టులో రెబ్కా కూడా ఉంది," అన్నాడు. "టౌను పిల్లకి వరసలు నేర్పడానికి పిలిపించారు. ఆ పిల్లా మంచిదే, పాపం. 'అక్కా, అక్కా' అంటూ పక్కనే కూచుని నేర్చుకుంటోంది. నేను మెట్ల మీంచి చూశాను. రెబ్కా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాడుతోంది."

"అడ్డమా?"

"తన గొంతు ఎదుటి మనిషికి తగలకుండా. మనం దగ్గేటప్పుడు పెట్టుకుంటాం చూడు, అట్టా. ఆ పిల్ల 'కొంగు తీసి పాడక్కా, సరిగ్గా వినపడటం లేదు' అంటోంది. రెబ్కా తియ్యదు. 'వద్దులేమ్మా, నీకు చెవులు నొప్పి' అంటోంది."

చెంబు కింద పెట్టాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొడుతూ పోయారు. ఆయన తల తిప్పలేదు. అది వినపడలేదో, పట్టించుకోలేదో జయకుమారికి తెలియలేదు. ఇకమీదట ప్రతిదానికీ తను ఇలాగే అనుకోవలసి వస్తుంది కాబోలు అనుకుంది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"బస్టాండు దాకా వెళ్లొస్తా. ప్రత్తిపాడు బస్సు కండక్టరుతో రెబ్కాకి కబురు పంపాలి. రేపు పొద్దున మళ్లీ రమ్మని. గుంపులో పాడిన వాళ్లత్తను కూడా తోడుగా వెంటబెట్టుకు రమ్మని." గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "రేపు క్యారేజీ నువ్వు తీసుకురా."

ఇన్నేళ్లలో ఆయన క్యారేజీ ఆయనే పట్టుకెళ్లాడు. ఆ గదికి ఆమెను రమ్మనడం ఇదే మొదలు.

*

బుధవారం ఎండ మొహాన కొడుతోంది. మిరప బస్తాల లారీలు వరసకట్టి నిలబడ్డాయి. జయకుమారి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో క్యారేజీ పట్టుకుని అరండల్‌పేట చేరేసరికి కాసెట్ల కొట్టులో అంకమ్మరావు లేడు. పైనుంచి ఆయన గొంతే వినపడుతోంది.

"ఏందండీ ఇది జక్రయ్యగారూ! ఇప్పుడా చెప్పేది? కళ్లు కనపడనివాడి చేతికి ఎద్దుల పగ్గాలిచ్చి పడుకున్నట్టుందే నా పని!"

ఆమె మెట్ల మీదే ఆగిపోయింది. తలుపు తెరిచే ఉంది. మిషను గది చిన్నది. గోడలకు చప్పుడు తగలకుండా పాత పరుపులు నిలబెట్టి మేకులు కొట్టారు. ఒకచోట గుడ్డ చిరిగి పత్తి బయటికి వచ్చింది. జక్రయ్య మిషను ముందు స్టూలు మీద కాకుండా దాని పక్కన నిలబడి ఉన్నాడు. హార్మోనియం వాయించే క్రీస్తుదాసు, డోలక్ బుడాన్ గోడవార కూచున్నారు. రెబ్కా, ఆమె అత్త ప్రేమమ్మ గుమ్మంలోనే ఒదిగి నిలబడ్డారు.

"ఈ మధ్యే తెలిసిందండీ," అన్నాడు జక్రయ్య. "సన్నటి చప్పుళ్లు వినపడటం లేదు. కాసెట్టులో గీరిన గొంతు రెబ్కాది కాదు. నా చెయ్యి."

"నిన్న టేపన్నారు, ఇవాళ చెవి అంటున్నారు. రేపేమంటారు?"

"నిన్న అబద్ధం చెప్పాను."

అంకమ్మరావు నడుంమీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. తిట్టడానికి సరిపడా మాట దొరకనట్టుంది. బుడాన్ గొంతు సవరించుకున్నాడు.

"నా డోలక్ వినపడుద్దా జక్రయ్యన్నా?"

"అది గుండెల్లో వినపడుద్దిలే బుడాన్."

"అయితే నాకేం ఇబ్బంది లేదు. హార్మోనియం సంగతి క్రీస్తుదాసు చూసుకుంటాడు."

"నువ్వు నోరు మూసుకోవయ్యా, నీ డోలక్ ఒక్కటే పెట్టి అమ్ముకోనా నేను?" అని కసిరాడు అంకమ్మరావు. కానీ కసురులో మొదటి వేడి లేదు.

"ఒక్క పాట," అన్నాడు జక్రయ్య. "రేపు ఆ అమ్మాయి వచ్చి రెబ్కా గొంతు మీద గొంతు ఎక్కించేలోగా ఒక్క పాట కలిపి వినిపిస్తాను. తర్వాత ఎవర్ని కూచోబెట్టుకుంటారో మీ ఇష్టం. కాకపోతే తలుపు తీసే కలుపుతా. వీళ్లు ఇక్కడే ఉంటారు."

ఆ మాటకి క్రీస్తుదాసు తల ఎత్తి చూశాడు. గొంతులు కలిపేటప్పుడు ఆ గదిలో పిట్ట కూడా ఉండకూడదనేది జక్రయ్య పెట్టిన కట్టుబాటే. ఆయన మద్రాసులో పని నేర్చుకున్నచోట పెద్దాయన చెప్పిన మాటట. పాడినవాళ్లను మిషను దగ్గరికి రానిచ్చావో, ఎవరి గొంతు వాళ్లు పెంచమంటారు, పాట తునాతునకలవుతుంది అని. అందుకే పాడటం కాగానే అందరినీ పంపించి తలుపు వేసుకునేవాడు. పాడినవాళ్లు మళ్లీ వినేది కొట్టులోకి వచ్చిన కాసెట్టునే. ఆ తలుపు వేసుకోబట్టే ఇన్నాళ్లూ ఆయన చెవి సంగతి ఎవరికీ తెలియలేదు, ఆయనకు కూడా.

"సరే," అన్నాడు అంకమ్మరావు. "కరెంటు పోయేలోగా కానియ్యండి."

జయకుమారి క్యారేజీ మూలన పెట్టి గోడవార నిలబడింది. జక్రయ్య స్టూలు లాక్కుని కూచున్నాడు. పెద్ద టేపు చక్రం ఎక్కించాడు. ఆ వేళ్లలో తడబాటు లేదు. దాన్ని చూసి ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

"చూడు రెబ్కా," అన్నాడు మిషనుమీద నాలుగు మీటలు చూపిస్తూ. "ఇది నువ్వు. ఇది మీ గుంపు. ఇది హార్మోనియం. ఇది డోలక్కూ తాళాలూ. నాలుగూ టేపు మీద దేని దారిన అది ఉంటాయి. మిగతావి తర్వాత. ముందు నీ ఒక్కదాని గొంతు పెడతా. పైన ఈ గుండీ మెల్లగా తిప్పుతూ పోతా. నీ గొంతు నీ గొంతులా వినపడగానే ఆపమను."

రెబ్కా కొంగు నోటిదాకా తీసుకెళ్లి ఆగింది.

"నా గొంతు ఎట్టా ఉంటదో నాకేం తెలుసు బాబాయ్? లోపల్నించి వినేదేగా. బయటినుంచి విన్నది ఆ కాసెట్టులోనే."

జక్రయ్య చెయ్యి గుండీ మీదే నిలిచిపోయింది. ఇంత ఆలోచించినవాడికీ ఆ సంగతి తట్టలేదు. అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"నాకు తెలుసు," అంది ప్రేమమ్మ.

అంతవరకూ కోడలి వెనక నిలబడి మాట్లాడని మనిషి. చెంగుతో మొహం తుడుచుకుని ముందుకొచ్చింది. "పదేళ్లబట్టి చేలో దాని పక్క సాలులో పత్తి తీస్తన్నా. దాని గొంతు నాకు తెలీదా? నువ్వు తిప్పు నాయనా. నేను చెప్తా."

టేపు కదిలింది. గది నిండా ఆ మేకు గొంతు. అంకమ్మరావు మొహం చిట్లించుకున్నాడు. రెబ్కా తల వంచేసుకుంది. జక్రయ్య ప్రేమమ్మ మొహం మీదనుంచి చూపు తిప్పకుండా, గుండీని నువ్వుగింజంత నువ్వుగింజంత వెనక్కి తిప్పసాగాడు.

"ఇంకా," అంది ముసలామె. "ఇంకా. ఇంకా ఉంది ముల్లు. ఆ… కొంచెం. ఆగు!"

ఆయన చెయ్యి తీసేశాడు.

"అదిగో. అదీ మా పిల్ల."

*ఎండలోన నడిచినావు, నీడనెవరి నడగలేదు…* జయకుమారి తన వంటింటి గుమ్మంలో విన్న గొంతే. అదే బరువు, అదే గరుకు. బుడాన్ కూచున్నవాడు కూచున్నట్టే తొడమీద వేళ్లతో దరువు వేస్తున్నాడు. రెబ్కా మెల్లగా తల ఎత్తింది. స్పీకరు పెట్టె వంక ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. కళ్లు నిండినా తుడుచుకోలేదు. నోటి దగ్గర కొంగు ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

"నేను… ఇట్టా ఉంటానా అత్తా?"

"ఇట్టా కాక ఎట్టా ఉంటావే?"

జక్రయ్యకు అది ఎలా వినపడిందో ఎవరూ అడగలేదు. ఆయనకు మళ్లీ దుప్పటి కప్పినట్టే వినపడి ఉంటుందని జయకుమారికి తెలుసు. చెయ్యి గుండీ వైపు వెళ్లబోయి, వేళ్లు ముడుచుకుని ఒళ్లోకి వచ్చేయడం ఆమె చూసింది.

హార్మోనియం కలిపాడు. క్రీస్తుదాసు వేలు పైకెత్తి చాలన్నాడు. డోలక్కు ఆయన ఎవర్నీ అడగలేదు. తాళాల దగ్గర మాత్రం వెనక్కి తిరిగి భార్యను చూశాడు. ఆమె అరచెయ్యి కిందికి దించింది. ఆయన పై గుండీ కాస్త వెనక్కి తిప్పాడు. మళ్లీ చూశాడు. చాలన్నట్టు ఆమె కళ్లు ఆర్పింది.

"ఇంక గుంపు ఒక్కటే," అన్నాడు. "అమ్మా రెబ్కా, ఇప్పుడు చెప్పు. నీ గొంతు ఎంత ఉండాలి?"

"చూడండి, ఇప్పుడు పెంచమంటుంది," అన్నాడు అంకమ్మరావు నవ్వుతూ. నవ్వాడంటే కోపం పోయినట్టే. "ఎవరైనా అదే అంటారు. నేనైనా అంటా."

రెబ్కా కాసేపు వింది. తల ఒక పక్కకు వాల్చి మళ్లీ వింది. మొహంలో ఏదో వెలితి.

"తగ్గించండి బాబాయ్," అంది.

"ఏంటి?"

ఆమె ఆయనకు ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేట్టు వంగి చెప్పింది. "నాది తగ్గించండి. మా అత్త వినపడటంలా. ఈ పాట ఆమెదేగా. నాకు నేర్పింది ఆమే. నేనొక్కదాన్నే అరుస్తంటే ఎట్టా?"

జక్రయ్య కదలకుండా ఆమెను చూశాడు. తర్వాత మొదటి మీట కిందికి లాగి, రెండో మీట పైకి నెట్టాడు. గుంపులోంచి గొంతులు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. అన్నింటికీ అడుగున, బావిలోంచి చేదతో పాటు వచ్చినట్టు, ఒక ముసలి గొంతు. మందమైన గొంతు, చివరల్లో కాస్త వణుకు. జక్రయ్య వీపు నిటారయింది. ఆయన తల మిషను వైపు వంగలేదు, చెవి దగ్గరికి చెయ్యి పోలేదు. ఇన్ని రోజులకి ఒక గొంతు ఆయన వెతక్కుండానే తనంత తానుగా వచ్చింది.

"ఇది నాకు వినపడుతోంది కుమారీ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "పూర్తిగా వినపడుతోంది."

జయకుమారి వెళ్లి ఆయన వెనక నిలబడింది. ఆ పక్కన అంకమ్మరావు చేతులు కట్టుకుని, పాట సగందాకా విన్నాడు. అప్పుడు బయటికి పోయి, మెట్ల పక్కన తను కూచునే పేము కుర్చీని తనే మోసుకొచ్చి మిషను పక్కన వేశాడు.

"కూచోమ్మా," అన్నాడు ప్రేమమ్మతో. ఆమె అంతటివాడి కుర్చీలో కూచోవడానికి జంకి, అంచున ఆనీ ఆననట్టు కూచుంది. ఆయన జయకుమారి వైపు తిరిగి, "అమ్మా, రేపు కూడా క్యారేజీ మీరే తెస్తారా? ఇంకా చాలా పాటలున్నాయి," అన్నాడు.

"తెస్తానండి."

"టౌను పిల్లకి వేరే పాటలు వెతుకుదాం. గొంతు బాగున్న పిల్లే, వదులుకోవడం ఎందుకు? జక్రయ్యగారూ, మీరు చెవుల డాక్టరు దగ్గరికి మాత్రం పోవాలి. వినపడిందా?"

వినపడినట్టు లేదు. ఆయన వినలేదో, పాటలో ఉన్నాడో. ఎవరూ రెట్టించలేదు.

ప్రేమమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింటోంది. కోడలి గొంతు దగ్గర తల ఊపింది. గుంపు ఎత్తుకోగానే కనుబొమలు ముడిచింది. తన గొంతు తనెన్నడూ బయటినుంచి వినని మనిషి. కోడలి చెయ్యి గిల్లి, గుసగుస అనుకుని గదంతా వినపడేట్టు అడిగింది.

"ఎవరే ఆ ముసల్ది? బానే పాడతందే!"

బుడాన్ పకపకా నవ్వాడు. రెబ్కా అత్త భుజంమీద మొహం దాచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కదిలిపోయింది. ప్రేమమ్మ తెల్లబోయి అందరి మొహాలూ చూసింది. జక్రయ్య మాత్రం నవ్వలేదు. రెండో మీటను ఇంకొక్క గీత పైకి నెట్టి, చెయ్యి అక్కడే ఉంచాడు.